సెలవుమడుగు చెక్కలు

నట్టేట్లో పడవ చిగురించింది.

మొదట ముందుకొమ్ము మీద ఒక్క ఆకు, చిలకముక్కంత లేతగా. వడ్రంగి నాగులాంబ దాన్ని చూసింది కానీ, ఏట్లో కొట్టుకొచ్చిన చెత్త అనుకుంది. అంతలో ఆమె చేతిలోని తెడ్డుకు రెమ్మ పుట్టింది. ఆ రెమ్మ పాముపిల్లలా మెలితిరిగి ఆమె మణికట్టును చుట్టేసింది.

"కాంచనయ్యా! బాడిస అందుకో! అనుకుంటూనే ఉన్నా, పొద్దున్నే నా కుడికన్ను అదిరింది. ఊరికే అదురుతుందా అది!"

కాంచనయ్య ఈమధ్యే ఆమె దగ్గర రంపపు పనికి కుదిరిన యువకుడు. నూనూగు మీసం, నాజూకు నడుము. చెక్క చెక్కే బాడిస దూసి ఒక్క వేటుతో ఆ రెమ్మను తెగవేశాడు. తెగినచోట పాలు చిమ్మాయి. ఆ పాలలోంచి రెండు రెమ్మలు లేచాయి. ఇంతలో పడవ అడుగు పలకలు చిటపటమని విచ్చుకుని, వేళ్ళు వేళ్ళుగా వాళ్ళ పాదాలకోసం తడుముకోసాగాయి. పడవ దానంతట అదే గిర్రున తిరిగింది. దిగువన, రెండు కొండల కోరల మధ్య నల్లగా కనబడే దీవి వైపు ముక్కు పెట్టి పరుగందుకుంది.

అది మాంత్రికుడు తరుకంటకుడి దీవి. వాడు పిలిస్తే కంబుగిరి రాజ్యంలో ఏ చెక్కయినా పలుకుతుంది.

"దూకు పెద్దమ్మా!"

"నాకు ఈత రాదురోయ్!"

"ఉంటే చెట్టయిపోతావు!"

దూకారు. కురంగీ నది ఆ వేళప్పుడు కరిగించిన వెండిలా మెరుస్తూ, పైకి నవ్వుతూ, లోపల సుళ్ళతో పళ్ళు కొరుకుతోంది. ఆ నవ్వు చూసి ఎందరు తల్లులు మోసపోయారో! ఆ నీళ్ళు ఇద్దరినీ ముంచి, తేల్చి, బండలకేసి విసిరి, చివరికి ఒడ్డు వంపులోని నిశ్శబ్దమైన మడుగులోకి నెట్టాయి. నాగులాంబ చేతికి నల్లటి స్తంభమొకటి తగిలింది. ఊపిరంతా కూడదీసుకుని దాన్ని కౌగిలించుకుంది.

వెనకే పడవ వచ్చింది. కొమ్మలు చాపుకుంటూ ఎండ్రకాయలా వచ్చింది. ఒక పొడవాటి కొమ్మ నాగులాంబ మెడకోసం చాచుకుని, దారిలో ఆ నల్లస్తంభాన్ని తాకింది.

తాకి, ఆగిపోయింది.

పరాయి వీధిలోకి వచ్చిన కుక్కలా ఆ కొమ్మ స్తంభాన్ని అటూ ఇటూ వాసన చూసింది. ముందుకు రాలేకపోయింది. ముడుచుకుని వెనక్కి పోయింది. పడవ మడుగు మూతి దగ్గరే నిలబడి ఊగసాగింది. పట్టి తెమ్మని ఆజ్ఞ కదా, పట్టకుండా తిరిగి వెళ్ళడానికి దానికి లేదు.

కాంచనయ్య దగ్గుతూ పక్కనే తేలాడు. మూతి తడుముకున్నాడు.

"వెతుక్కోకు. మీసం ఏట్లో పోయింది," అంది నాగులాంబ.

"పెద్దమ్మా, అది..."

"నువ్వు ఆడపిల్లవని మొదటి రోజే తెలుసులే. రంపం పట్టబోతూ, లేని కొంగు దోపుకోబోయి చెయ్యి వెనక్కి తీసుకున్నావు. ఎవరి పిల్లో, ఏం కష్టమొచ్చి ఈ వేషం వేసిందో, అడిగితే పారిపోయి ఏ గోతిలో పడుతుందో అని ఊరుకున్నా."

"నేను కంబుగిరి రాజకుమారి కాంచనలేఖను," అంది ఆ పిల్ల తల పైకెత్తి. "నీ కొడుకు తిప్పన నా పడవల దళంలో సరంగు. మా పడవలన్నీ ఇలాగే చిగురించి మమ్మల్ని పట్టుకున్న రోజున, నన్ను నీళ్ళలోకి తోసి తను కొమ్మలకు చిక్కాడు. అతన్ని విడిపించకుండా అంతఃపురం గడప తొక్కనని ఒట్టేసుకున్నాను."

నాగులాంబ స్తంభాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆమె ప్రాణమంతా ఆ ఒక్క కొడుకు. తిప్పనను కోటలో నిలువునా పాతారనీ, కాళ్ళు వేళ్ళయ్యాయనీ, బెరడు ఒంటి మీదుగా పైకి పాకుతోందనీ, ఈ సాయంత్రం పొద్దు వాలేసరికి అది నోరు మూసేస్తుందనీ తరుకంటకుడు ఊరూరా చాటింపు వేయించాడు. అది విన్నాకే, కొడుకును విడిపించే దారి వెతుక్కుంటూ ఆమె పడవ ఎక్కింది. నోరు మూతపడితే ఇక మనిషి లేడు, మానేనట.

"ఏడుస్తావనుకున్నాను," అంది కాంచనలేఖ మెల్లగా.

"ఏడుపు దేనికి, తర్వాత ఏడవచ్చు. ఈ స్తంభాన్ని ఆ కొమ్మ ఎందుకు దాటలేదో ముందు అది చెప్పు నాకు."

ఇద్దరూ తలతిప్పి చూశారు. మడుగు నిండా నల్లటి కట్టెలు. మునిగినవి, సగం తేలినవి, పాచి పట్టినవి. తలుపులు, దూలాలు, బండి ఇరుసులు, నాగళ్ళు. అప్పుడు తెలిసింది నాగులాంబకు తామెక్కడున్నారో. 

"అమ్మో! సెలవుమడుగు!"

కంబుగిరి వడ్రంగులకు ఒక ఆచారముంది. మాను కొట్టే ముందు దానికి పసుపునూలు కట్టి, "తల్లీ, ఒక ఇంటి పని చేసిపెట్టు, ఆ పని తీరాక నీకు సెలవు" అని మాటిస్తారు. ఆ మాట మీదే తలుపు తలుపుగా, పడవ పడవగా ఏళ్ళ తరబడి పని చేస్తుంది. ఏదో ఒకనాడు విరుగుతుంది. విరిగినచోట మళ్ళీ పసుపునూలు చుట్టి, "సెలవు" అని చెప్పి, ఈ మడుగులో దించి వెనక్కి చూడకుండా పోతారు. గీటు పడితే చాలదు, నిలువునా పగుళ్ళివ్వాలి. వాడుకలో ఉన్నదానికి సెలవు చెప్పకూడదు. సెలవు చెప్పినదాన్ని మళ్ళీ వాడుకోకూడదు.

"అదే పెద్దమ్మా!" కాంచనలేఖ కళ్ళు మెరిశాయి. "తరుకంటకుడు దొంగిలించింది ఆ మాటనే. పనిలో ఉన్న చెక్కంతా వాడి పిలుపుకు కట్టుబడి ఉంది. వీటికి సెలవు దొరికింది. వీటిని వాడు పిలవలేడు! తాతల కాలం నుంచీ రాజ్యంలోని మేలు కలపంతా ఇక్కడే పోగుపడి ఉంది. పద, తీద్దాం!"

"తీస్తే?" అంది నాగులాంబ. "సెలవిచ్చిన చెక్కను మళ్ళీ పనిలో పెట్టినవాళ్ళ వంశం నిలవదంటారు. నాకున్నది ఒక్కడు. వాడికోసం తీసిన చెక్కే వాడికి చుట్టుకుంటే?"

పొద్దు నడినెత్తి దాటి పడమటికి ఒరిగింది. మడుగు మూతి దగ్గర పడవ ఆకులు గలగలలాడించింది, నవ్వుతున్నట్టు.

నాగులాంబ ఆ పడవ వంక చూసింది. తడి చీర కుచ్చెళ్ళు పైకి దోపింది.

"వంశం నిలవాలంటే ముందు కొడుకు నిలవాలిగా! రా అమ్మాయీ. కానీ నాకో పద్ధతుంది. ఆజ్ఞ వెయ్యను, అడుగుతాను. వచ్చేవాటినే తీసుకుంటాను."

మోకాళ్ళ లోతులో నిలబడి ఆమె మడుగుతో మాట్లాడింది. "తల్లులారా, మీ పని తీరింది. మళ్ళీ పిలిచే హక్కు నాకు లేదు. బతిమాలుతున్నాను. ఇష్టమున్నవాళ్ళే మోగండి. లేనివాళ్ళు హాయిగా పడుకోండి."

కాంచనలేఖ నడుమున దోపుకున్న బాడిస తీసి, దాని మడమతో ఒక దూలాన్ని కొట్టింది. బొద్దుమంది. లోపల పుచ్చు. "పడుకో తల్లీ," అంది. నాగలి దుంపను కొట్టింది. బొద్దు. ఒక పెద్ద తలుపురెక్కను కొట్టింది.

ఖణేల్!

కంచు గంట మీద కొట్టినట్టు మడుగంతా మారుమోగింది. బాడిసతో పాచి గీకింది. పై తెల్లకట్టె పిండిలా రాలిపోయింది. దాని కింద చేవ, దానిమ్మగింజల రంగులో, నిన్న కోసినట్టు నిగనిగలాడుతోంది. "వేగిస కర్ర! ధాన్యపు కొట్టు తలుపు ఇది. ఎలుకని కూడా రానిచ్చి ఉండదు. పట్టు, పట్టు! నీళ్ళలో ఉన్నంతసేపూ తేలికే, గట్టెక్కించేటప్పుడే దీని బరువు తెలిసేది. నడుము పట్టేస్తుంది, చూసుకో! వేళ్ళు నలుగుతాయి, అటు పట్టకు!"

"పెద్దమ్మా, నేను కత్తి తిప్పిన దాన్ని."

"కత్తి వేరు, కలప వేరు."

తర్వాత నూనెగానుగ రోకలి దొరికింది. నల్లతుమ్మ చేవ, ఇనుములాంటిది. ఎద్దులు తరతరాలుగా తిప్పి తిప్పి అద్దంలా నున్నగా చేశాయి. పగులున్నదల్లా పై కొసలోనే. ఇంకా బరువైన పలకలు, జిట్రేగి మంచంపట్టెలు. మోగినదల్లా గట్టు చేరింది. నాగులాంబ చీలలు పీకింది, పుచ్చు చెక్కింది, ఏది దేనికి పనికొస్తుందో చేత్తో నిమిరి చూసుకుంది.

ఆఖరిగా బురదలోంచి ఒక చిన్న పలక లాగింది. లాగి, నిలబడిపోయింది.

చండ్రకర్ర ఉయ్యాల పక్కపలక. కొక్కెం దగ్గర నిలువునా పగులు. అంచు పొడవునా చిన్న చిన్న గాట్లు. పళ్ళు వచ్చే రోజుల్లో దురద ఆగక తిప్పన కొరికిన గాట్లు. ఆ ఉయ్యాలను తన చేత్తోనే నూలు చుట్టి ఇక్కడ దించింది.

"కొట్టు పెద్దమ్మా," అంది కాంచనలేఖ.

"మోగకపోతే?"

 నాగులాంబ కళ్ళు మూసుకుని, గోటితో తట్టినట్టు మెల్లగా తట్టింది.

ఖణ్ మంది. సన్నగా, పసివాడు పిలిచినట్టు.

ఆమె దాన్ని గుండెలకు హత్తుకోలేదు. గట్టున కూర్చుని ఒక అంచును బాడిసతో చెక్కసాగింది. పంటిగాట్ల వైపు మాత్రం ముట్టుకోలేదు.

"చెక్కలున్నాయి. దీవికి వెళ్ళేదెలా? పడవ కట్టే పొద్దు లేదు," అంది కాంచనలేఖ.

నాగులాంబ మడుగు మూతి వైపు గడ్డంతో చూపించింది. "అదుగో ఉందిగా. వాడే పిలిచాడు, వాడే బండి పంపాడు. ఎక్కకపోతే మర్యాద కాదు."

"ఆ పడవా! అది మనల్ని మింగుతుంది!"

"మింగనీ. ముందు దాని నోట్లో మన పళ్ళు పెడదాం."

నల్లపలకలను ఎదురుగా అడ్డం పెట్టుకుని ఇద్దరూ పడవ దగ్గరికి నడిచారు. కొమ్మలు బుసకొట్టి వెనక్కి తగ్గాయి. మంచంపట్టెలు అడుగున పరిచారు, పలకలు రెండు పక్కలా దడి కట్టారు, తలుపురెక్క ముందు నిలబెట్టారు. మూత బిగించిన కుండ చుట్టూ పాములు తిరిగినట్టు పడవ కొమ్మలన్నీ బయటే కొట్టుకున్నాయి. లోపల ఒక్క ఆకు వాలలేదు. బరువుకు పడవ అంచుదాకా దిగిపోయింది. ఇంకొక్క జానెడు దిగితే అంతే సంగతులు.

"మునుగుతామా పెద్దమ్మా?"

"మునగొచ్చు. నేనైతే మునుగుతామనే అనుకుంటున్నా. నడవమను."

ఎక్కినవాళ్ళు ఎక్కారు, ఆజ్ఞ తీరిందనుకుంది కాబోలు, పడవ దీవివైపు బాణంలా దూసుకుపోయింది.

ఆ వనదుర్గానికి రాయి లేదు, సున్నం లేదు. మబ్బులను దువ్వే మద్దిమాకులు భుజం భుజం కలిపి ప్రాకారంగా నిలిచాయి. మొదళ్ళు మదగజాల పాదాలు, ఊడలు మునుల జడలు. పొన్నపూల తోరణాలు, మాధవీలతల వంతెనలు, కొమ్మకొమ్మకూ పసిడి కుండల్లాంటి తేనెపట్టులు. దూరం నుంచి చూస్తే నందనవనం దిగివచ్చిందేమో అనిపించేది. దగ్గరికి వెళితే తెలిసేది, ప్రతి మాను బోదెలోనూ ఒక మనిషి ముఖం. రెప్పలు ఆడుతున్నాయి. బెరడు కింద పెదవులు కదులుతున్నాయి. నాగులాంబ ఆ ముఖాలను ఒక్కొక్కటే చూస్తూ, తన కొడుకు కాదని ఊపిరి పీల్చుకుంటూ, వీళ్ళకు మాత్రం తల్లులు లేరా అని తనను తానే తిట్టుకుంటూ, ఉయ్యాలపలక చంకన పెట్టుకుని నడిచింది. తలుపురెక్కనూ గానుగరోకలినీ మోస్తూ వెనకే కాంచనలేఖ వచ్చింది.

నడుమ మైదానంలో, తీగెలు అల్లిన గద్దె మీద తరుకంటకుడు కూర్చున్నాడు. జడల్లో లేతాకులు, చేతిలో పచ్చగా చిగుర్లు వేసే మంత్రదండం. ఎదురుగా తిప్పన. నడుం దాకా మాను, గడ్డం దాకా బెరడు.

"అమ్మా! ఎందుకొచ్చావే ఇక్కడికి!" అన్నాడు తిప్పన కష్టం మీద.

"నోర్ముయ్యి. కాదు కాదు, ముయ్యకు, ముయ్యకు! మాట్లాడుతూనే ఉండు. అన్నం పెట్టారా వీళ్ళు?"

"చెట్టుకి అన్నమేంటే!"

తరుకంటకుడు పగలబడి నవ్వాడు. "ఏమే వడ్రంగి ముసలిదానా, పాతకట్టెలు అమ్ముకోవడానికి వచ్చావా? నా వంటశాలలో పుల్లలకు కొదవ లేదే!"

"కొనే మొహమా నీది? ఊళ్ళో తలుపుల్ని, పడవల్ని దొంగిలించి బతికేవాడివి."

"పక్కనున్నదెవరు? ఓహో, మీసాలు రాలిన రాజకుమారి! వచ్చారుగా, నిలబడండి. చోటుంది." వాడు దండం ఎత్తి గర్జించాడు. "పలకండి!"

కోట పలికింది. వంతెనలు కొరడాల్లా లేచాయి. ఊడలు ఉరితాళ్ళై దిగాయి. నేల చీల్చుకుని వేళ్ళు కొండచిలువల్లా వచ్చాయి. కాంచనలేఖ తలుపురెక్కను డాలుగా ఎత్తింది. మొదటి ఊడ దానికి తగిలి మొద్దుబారింది, రెండోది తగిలి వాడిపోయింది. ఎలుకను రానివ్వని తలుపు మాంత్రికుణ్ణీ రానివ్వలేదు. ఆమె ఒంటిచేత్తో గానుగరోకలి తిప్పుకుంటూ, దారి చేసుకుంటూ ముందుకు దూకింది.

తరుకంటకుడి నవ్వు ఆగింది. "ఏం చెక్కరా అది! పలకమంటుంటే!"

"దానికి సెలవురా!" అరిచింది నాగులాంబ కొడుకు వైపు పరుగెత్తుతూ. "నీ కొలువు దానికి అక్కర్లేదు!"

పొద్దు కొండ అంచును తాకింది. బెరడు తిప్పన కింది పెదవి ఎక్కింది. నాగులాంబ ఉయ్యాలపలక పలచటి అంచును బెరడుకూ ఒంటికీ మధ్య సందులో దించి, బాడిస మడమతో దిగ్గొట్టింది. కొడుకు ఒంటికి ఆనేవైపు పంటిగాట్లు. బెరడు పలకను కొరకబోయి వెనక్కి తగ్గింది.

"నొప్పి అమ్మా!"

"కన్నప్పుడు నాకూ నొప్పే! ఓర్చుకో!"

ఇంకో దెబ్బ. ఇంకో దెబ్బ. కొబ్బరికాయ పగిలినట్టు మాను ఫట్టుమంది. తిప్పన చేతులు బయటపడ్డాయి, నడుం బయటపడింది. పాదాలు మాత్రం నేలలో వేళ్ళై బిగుసుకున్నాయి.

"నా దండం ఉన్నంతవరకూ వాడు నావాడే!" తరుకంటకుడు దండాన్ని నాగులాంబ నడినెత్తిన దించాడు. కాంచనలేఖ గాల్లోకి లేచింది. గానుగరోకలి మధ్యలో అడ్డుపడింది.

పచ్చి దండం, పండిన తుమ్మ. చిటుక్కుమని దండానికి నిలువునా పగులిచ్చింది.

అంతే కావలసింది. నాగులాంబ, వడ్రంగులు ఎప్పుడూ నడుముకు చుట్టుకునే పసుపునూలు లాగి ఆ పగులు చుట్టూ ముడివేసింది. వడ్రంగి చెయ్యి, ముడి తప్పలేదు.

"చాలా కష్టపెట్టాడు తల్లీ నిన్ను," అంది ఆ దండంతో. "సెలవు."

దండం చిగుర్లు రాల్చేసింది. వాడి చేతిలో ఎండుపుల్ల మిగిలింది. ఆ మాట మాను నుంచి మానుకు, కొమ్మ నుంచి కొమ్మకు పాకింది. వంతెనలు కూలాయి. ప్రాకారం నిట్టూర్చి విడిపోయింది. బెరడు చీల్చుకుని మనుషులు ఒక్కొక్కరే, నిద్ర లేచిన పిల్లల్లా కళ్ళు నులుముకుంటూ బయటికి అడుగు పెట్టారు. తిప్పన పాదాలు ఊడి వచ్చాయి. తల్లి వాడి తల నిమిరి, "ఒక్క చుక్క నూనె లేదు, చూడు ఎలా అట్టకట్టిందో," అంది. అప్పుడు ఏడ్చింది, అదీ ఒక్క క్షణం.

పైన పెద్ద రెక్కల చప్పుడు. తరుకంటకుడు కిందికి వాలిన తన పెంపుడు గండభేరుండ పక్షి వీపెక్కాడు. "నవ్వుకోండి!" అని అరిచాడు పైనుంచి. "ఈ దండం కోసిన మాను నుంచే మీ కంబుగిరి సింహాసనం కోశారు! రాజు దాని మీదే కూర్చుని ఉన్నాడు! దానికింకా సెలవు రాలేదు! నేను వెళ్ళి దాన్ని పలకరిస్తాను!"

"నాన్నగారు!" కాంచనలేఖ రేవుకు పరుగెత్తింది. అక్కడ పడవ లేదు. దానికీ సెలవు దొరికింది. పలకలు పలకలుగా విడిపోయి నీళ్ళలో తేలుతోంది.

అప్పుడు కాళ్ళ కింద నేల కదిలింది.

దీవిని ఏటి అడుగుకు కట్టి ఉంచినవి వాడి మంత్రపు వేళ్ళు. అవీ పట్టు వదిలాయి. కోట, మైదానం, మనుషులతో సహా దీవి మొత్తం మెల్లగా తిరిగి ప్రవాహంలో పడింది. దిగువన భైరవగుండం జలపాతం హోరు వినబడింది. విడుదలైన జనం గొల్లుమన్నారు. "అయిపోయాం! చెట్లుగా ఉన్నా బతికేవాళ్ళం!"

 జలపాతం, బండలు, కొడుకు, ఈతరాని తను, అన్నీ నాగులాంబ కళ్ళముందు ఆడాయి. అయినా కొంగు బిగించి, గొంతెత్తింది.

"ఎవరయ్యా ఏడ్చేది? కళ్ళు పెట్టి చూడండి! కోటంతా కూలిందని మీకు కనబడుతోంది, ఇంత కలప పోగుపడిందని నాకు కనబడుతోంది. ఇదంతా ఇప్పుడు సెలవు చెక్కే. వాడు పిలిస్తే పలకదు. తిప్పనా, తీగెలు కోసుకురా. అమ్మాయీ, వీళ్ళందరి చేతా ప్రతి దుంగనూ కొట్టించు. మోగింది మోగినట్టు నా దగ్గరికి తెండి, తెప్ప కడదాం. దీని మీదే జలపాతం దిగుతాం. దీని మీదే కంబుగిరికి పోదాం."

"రాదంటే పెద్దమ్మా? వాడి కోట చెక్క మనకెందుకు మోగుతుంది?"

"అడిగి చూద్దాం. అడగడానికి భయమెందుకు?"

ఆమె నేరుగా తరుకంటకుడి మహాద్వారం దగ్గరికి నడిచింది. అది వెల్లకిలా పడి ఉంది, పది ఏనుగులు పట్టేంత వెడల్పు. దాని మీద అరచెయ్యి పెట్టింది. "తల్లీ, నిన్ను ఎవరూ ఇప్పటిదాకా అడిగి ఉండరు. నేను అడుగుతున్నాను."

బాడిస ఎత్తింది. జలపాతం హోరు దగ్గరవుతోంది. 

కొట్టింది.

ఖణేల్మని ద్వారం మోగిన మోతకు ఒడ్డు కొండల్లో పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి.